ఈలకు ఉరకనంత మాత్రాన

మన దేశంలో గొర్రెలు కోట్లలో ఉన్నాయి గానీ గొర్రెల కుక్క మాత్రం లేదని ఒక మాట బాగా చెలామణిలో ఉంది. కుక్కలంటే గిట్టనివాళ్లు అంటే పట్టించుకోనక్కర్లేదు. కుక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లే అంటున్నారు. మంచిర్యాలలో జర్మన్ షెపర్డ్‌నో లాబ్రడార్‌నో పెంచుకునే మిత్రుడింటికి వెళ్లి కూర్చోండి. చాయ్ వచ్చేలోపు ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తాడు. పచ్చటి కొండ, కొండ కింద చేతికర్రతో ఒక ముసలాయన. ఆయన ఈల వేస్తాడు. నలుపూ తెలుపూ కలిసిన బోర్డర్ కాలీ కుక్క ఒకటి కొండ చుట్టూ తిరిగి వెళ్లి, ఎక్కడో పైన మేస్తున్న గొర్రెల వెనక చేరి, ఒక్కసారి కూడా మొరగకుండా, ఒక్కదాన్నీ కరవకుండా వాటిని దించి ఆయన కాళ్ల దగ్గర నిలబెడుతుంది. గొర్రెల కుక్క అంటే ఇదీ అంటాడు మిత్రుడు. ఆ వెంటనే మన గొల్ల కురుమల వెంట తిరిగే కుక్కల ప్రస్తావన వస్తుంది. వాటికి పని రాదు, చెప్తే వినవు, నేర్పితే నేర్చుకోవు, ఊరకుక్కలు, బువ్వ దండగ. మనవాళ్లకు కుక్కను తయారుచేసుకునే తెలివి లేదు. బోర్డర్ కాలీలను తెచ్చి, బ్రిటన్‌లోలా గొర్రెల కుక్కల పోటీలు పెడితే తప్ప మన కాపరి బతుకు బాగుపడదు.

పశువుల డాక్టర్ల నోట కూడా ఈ మాట విన్నాను. కుక్కల ప్రదర్శనల్లో మైకు పట్టుకున్నవాళ్ల నోటా విన్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా నిలబడదని నా అభిప్రాయం.

ముందుగా బోర్డర్ కాలీకి దక్కాల్సిన గౌరవం దక్కనిద్దాం. అది చేసే పని కనికట్టు కాదు, నిజమే. ఇంగ్లండ్ ఉత్తరపు కొసన ఉన్న నార్తంబర్లాండ్‌లో 1893లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర ఓల్డ్ హెంప్ అనే కుక్క పుట్టింది. గొర్రెల మీద పడి అదరగొట్టకుండా, చూపుతోనే వాటిని కదిలించేదట. ఈనాటి బోర్డర్ కాలీల వంశావళి తిరగేస్తే దాదాపు అన్నీ దాని దగ్గరికే చేరతాయి. దానికంటే ముందే పోటీలు మొదలయ్యాయి. 1873 అక్టోబరు 9న వేల్స్‌లోని బాలా అనే ఊళ్లో లాయిడ్ ప్రైస్ అనే భూస్వామి బ్రిటన్‌లో మొదటిదిగా చెప్పుకునే గొర్రెల కుక్కల పోటీ పెట్టాడు. వేల్స్‌వాళ్లు వందల మంది చూస్తుండగా, వాళ్ల దగ్గరే కాపురముంటున్న జేమ్స్ థామ్సన్ అనే స్కాట్లండ్ మనిషి తన ట్వీడ్ అనే కుక్కతో గెలుచుకుపోయాడు. 1906లో అంతర్జాతీయ గొర్రెల కుక్కల సంఘం ఏర్పడింది. పోటీలకు నియమాలూ కుక్కలకు రిజిస్టర్లూ వచ్చాయి. 1976 నుంచి బీబీసీ ఆ పోటీలను ఇంటింటికీ చూపించింది. మన మిత్రుడి ఫోన్‌లో ఉన్నది ఆ కథకు కొనసాగింపే.

ఇప్పుడు ఆ పోటీలో మార్కులెలా వేస్తారో చూడండి. సాధారణంగా నూరు మార్కులు. కుక్క గొర్రెలను బెదరగొట్టకుండా వాటి వెనక్కి చుట్టు తిరిగి వెళ్లినందుకు 20. వాటిని మొదటిసారి మెల్లగా కదిలించినందుకు 10. తిన్నగా యజమాని దగ్గరికి తెచ్చినందుకు 20. ఆయన నుంచి దూరంగా, గేట్ల మధ్య నుంచి తోలుకుపోయినందుకు 30. చెప్పిన గొర్రెలను మిగతావాటి నుంచి విడదీసినందుకు 10, దొడ్లోకి ఎక్కించినందుకు 10. మైదానంలో ఉండేవి నాలుగైదు గొర్రెలు. పట్టే సమయం పావుగంట అటూ ఇటూ. వేళ పట్టపగలు.

ఇందులో రాత్రికి మార్కులు లేవు. తోడేలుకు లేవు. యజమాని నిద్రపోతున్నప్పుడు కుక్క ఏం చేస్తుందన్న దానికి లేవు. పోటీ పెట్టినవాళ్ల తప్పేమీ లేదు ఇందులో. వాళ్లకు ఏ పని అవసరమో ఆ పనికే పరీక్ష పెట్టుకున్నారు. తప్పల్లా ఆ ప్రశ్నపత్రం పట్టుకొచ్చి మన మందల మధ్య పరిచి, సున్నా వచ్చిందని తీర్పు చెప్పేవాళ్లది.

ఆ పని వాళ్లకెందుకు అవసరమైంది? బ్రిటన్ కొండల్లో గొర్రెల వెంట మనిషి ఉండడు. వందల ఎకరాల కొండ మీద వాటిని వదిలేస్తారు, రోజులకు రోజులు వాటంతట అవే మేస్తాయి. ఉన్ని కత్తిరించేటప్పుడో, మందు పోసేటప్పుడో, అమ్మేటప్పుడో ఎక్కడెక్కడివో పోగు చేసుకు రావాలి. ఒక మనిషి ఆ కొండంతా ఎక్కి దిగితే పొద్దు గడిచిపోతుంది గనుక ఆ కాళ్లు కుక్కవి కావాలి. అసలు గొర్రెలను అలా వదిలేసి ఇంటికి వెళ్లి పడుకోగలగడం ఎలా సాధ్యమైంది? తోడేలు లేదు గనుక. ఇంగ్లండ్‌లో తోడేళ్లు మధ్యయుగాలు ముగిసేసరికే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. స్కాట్లండ్‌లో చివరిదాన్ని 17వ శతాబ్దంలో చంపామని చెప్పుకుంటారు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు బాలా పోటీ. కాలీ తెలివిని మెచ్చుకునేటప్పుడు దాని వెనకనున్న ఈ ఖాళీ అడవిని మరవకూడదు. శత్రువు లేని నేల మీద మాత్రమే తోలే కుక్క రాజ్యం చేస్తుంది.

ఇక మన జిల్లాకు వద్దాం. 2016లో ఆదిలాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిన మంచిర్యాలకు దక్షిణాన గోదావరి, తూర్పున ప్రాణహిత. జన్నారం వైపు 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం. చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి అడవుల గుండా మహారాష్ట్ర నుంచి పులి వస్తూ పోతూ ఉంటుంది. చిరుత సంగతి చెప్పనే అక్కర్లేదు. పొదలూ గుట్టలూ ఉన్న చోట తోడేలు, ఊరి పొలిమేరల్లో నక్క. ఈ నేల మీద జీవాలను కొండ మీద వదిలేసి ఇంటికొచ్చి పడుకున్న కాపరికి తెల్లారి ఏం మిగులుతుందో ఊహించుకోండి.

అందుకే ఇక్కడ మంద వెంట మనిషి నడుస్తాడు. పగలంతా నడుస్తాడు. ముందొకడు, వెనకొకడు. ముందువాడు నాలుకతో ఒక రకమైన శబ్దం చేస్తూ పోతుంటే పెద్ద గొర్రెలు ఆ శబ్దం వెంట నడుస్తాయి, మిగతావి వాటి వెంట. వెనకవాడు కుంటిదాన్నీ ఈనే దాన్నీ చూసుకుంటూ వస్తాడు. చెలకలో కందో పత్తో ఉంటే పక్కకు పోయి కర్ర అడ్డం పెడతాడు. పోగు చేసే పనే లేదిక్కడ, ఎందుకంటే చెదరనివ్వరు. నూటయాభై, రెండు వందల గొర్రెలు మాట మీద నడుస్తుంటే, వాటి చుట్టూ ఉరికి వంకర చూపు చూసే కుక్క ఒకటి తోడైతే ఏమవుతుంది? సూడి గొర్రెలు బెదురుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మన బొగ్గుబావుల పట్టీలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో జీవాన్ని అనవసరంగా పది గజాలు ఉరికించడం కూడా నష్టమే. పనిమంతుడైన కాపరి మందను ఉరకనివ్వడు. ఈతచెట్టు నీడ దొరికితే నిలబెడతాడు. స్కాట్లండ్ చలికి దట్టమైన బొచ్చు పెంచుకున్న కాలీ అదే ఎండలో ఏం కావాలో అది వేరే సంగతి.

కుక్క కొలువు పొద్దు గుంకాక మొదలవుతుంది. వానాకాలం వరి కోతలయ్యాక, పత్తి ఏరడం అయిపోయాక రైతులు చేలల్లో మంద పెట్టించుకుంటారు. గొర్రెల పెంట, మూత్రం భూమికి బలం. రాత్రికింతని కాపరికి డబ్బో వడ్లో ముడుతుంది. కోటపల్లి వైపు అలాంటి మంద దగ్గర ఒక రాత్రి గడిపాను. కోసిన మడిలో వల చుట్టి, మధ్యలో జీవాలు. ఒక మూల మంచం, మంచం మీద గొంగడి కప్పుకుని ఒకడు. మరో మూల ఇంకొకడు. కుక్కలు మూడు. వాటిలో ఒక్కటి కూడా మంచం దగ్గర పడుకోలేదు. ఒకటి వలకు ఆనుకుని, లోపలున్న గొర్రెల ఊపిరి తగిలేంత దగ్గరగా ముడుచుకుంది. రెండోది పాతిక ముప్పై అడుగుల అవతల ఒడ్డు మీద, అడవి వైపు తల పెట్టుకుని. మూడోది ఎక్కడుందో చీకట్లో కనపడలేదు, మొరిగినప్పుడు మాత్రం తెలిసేది. తారురోడ్డు మీద మోటారుసైకిలు పోతే ఒక్క మొరుగు, అంతే. నక్కలు కూస్తే రెండు మూడు. కాపరులు కదల్లేదు. రాత్రి ఏ జాములోనో ఒడ్డు మీది కుక్క గొంతు మారింది. తెగకుండా, మోటుగా, ముందుకు ఉరికి మళ్లీ వెనక్కి వస్తూ మొరిగింది. మిగతా రెండూ అటే ఉరికాయి. గొంగడి కింది మనిషి ఒక్క ఉదుటున లేచి టార్చి వేసి కేక పెట్టాడు. పొద దగ్గర ఏదో కదిలి పోయింది. తోడేలో, మరొకటో నాకు కనపడలేదు. ఆయనకు చూడాల్సిన అవసరమే కలగలేదు. మొరుగులో తేడా చాలు.

తెల్లవారుజామున ఒక గొర్రె ఈనింది. వలకు ఆనుకుని పడుకున్న కుక్క లేచి దగ్గరికి వచ్చి, నాలుగడుగుల దూరంలో కూర్చుంది. తల్లి పిల్లను నాకుతోంది. కుక్క ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది, సూటిగా చూడలేదు. మాయ పడింది. తల్లి పిల్లను పొదుగు దగ్గరికి తీసుకుపోయాక గానీ కుక్క లేవలేదు. అప్పుడు వెళ్లి మాయ తినేసింది. నెత్తుటి వాసన గుప్పుమంటున్న అప్పుడే పుట్టిన పిల్ల మూరెడు దూరంలో ఉండగా దాని జోలికి పోలేదు. ఇది ఎవరు నేర్పారు? ఏ ఈలతో నేర్పారు? దీనికెన్ని మార్కులు?

దీనికి శాస్త్రంలో జవాబుంది. అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు 1970ల నుంచి మందను కాచే కుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చెప్పింది స్థూలంగా ఇది. తోడేలు వేటలో ఒక వరస ఉంటుంది. చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం, తినడం. కాలీలో మొదటి మూడింటినీ తరతరాలుగా పెంచి, పట్టడం దగ్గర తెంపేశారు. అంటే కాలీ చేసేది సగంలో ఆపేసిన వేట. గొర్రెలు కదిలేది అందుకే, తమ మీద తోడేలు చూపు పడిందని. మందను కాచే కుక్కలో ఆ వరస మొదటి మెట్టు దగ్గరే మొద్దుబారిపోవాలి. అది గొర్రెను చూసి పొంచిందంటే పనికిరానట్టే. కనుక తోలే కుక్క, కాచే కుక్క ఒకే జంతువులో ఇమడవు. ఒకదానికి గుణమైనది రెండోదానికి దోషం. మన కుక్కకు తోలడం రాదని ఎద్దేవా చేసేవాళ్లు, తెలియకుండానే దాని యోగ్యతా పత్రం చదువుతున్నారు.

కాచే గుణం జాతి కంటే పెంపకంలో ఎక్కువగా వస్తుందని కూడా కాపింజర్‌లు తేల్చారు. కళ్లు తెరిచిన కొద్దివారాల నుంచి నాలుగు నెలల లోపు కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్లే దానికి బంధువులు. ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1833లో చార్లెస్ డార్విన్ నేటి ఉరుగ్వే పచ్చికల్లో మైళ్ల దూరాన మనిషి లేకుండా మందలను కాస్తున్న కుక్కలను చూసి ఆశ్చర్యపోయి అడిగితే, చాలా చిన్నప్పుడే కుక్కపిల్లను తల్లి నుంచి వేరు చేసి, రోజుకు మూడు నాలుగు సార్లు గొర్రెను పట్టుకుని పాలు తాగించి, దొడ్లోనే ఉన్నితో పక్క వేసి పెంచుతారని చెప్పారట. ఆయన దాన్ని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. మన మందల్లో గొర్రె పాలు పట్టించడం నేను చూడలేదు గానీ, కుక్కపిల్లలు గొర్రెపిల్లల బుట్ట పక్కనే పెరగడం ఎవరైనా చూడొచ్చు. వాటికి ఆటలు ఆ పిల్లలతోనే. ఇంత పకడ్బందీ పెంపకాన్ని పట్టుకుని నేర్పే తెలివి లేదంటున్నాం.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, అది న్యాయమైనదే. ఇరవై కిలోలు కూడా తూగని నాటు కుక్క చిరుతకు ఏపాటి? చిరుతకు కుక్క మాంసం ఇష్టమని అందరికీ తెలుసు. నిజమే, మంద కుక్కలు చిరుత నోట పడతాయి. హిమాలయాల్లో గద్దీ కాపరుల కుక్కల మెడకు ఇనుప ముళ్ల పట్టీ వేసేది అందుకే. కానీ కుక్క పని చిరుతతో కుస్తీ పట్టడం కాదు. మనిషిని లేపడం, దొంగచాటును బట్టబయలు చేయడం, వచ్చిన జంతువుకు ఇక్కడ దొరికేదాని కంటే పోయేదే ఎక్కువనిపించడం. మన గాడిద కథలో చాకలివాడి కుక్క చేయాల్సి ఉండి మానేసిన పని అదే గదా. గాడిద ఓండ్ర పెట్టి దెబ్బలు తింది. పెద్ద జాతి కుక్క అయితే ఇంకా మేలు కదా అంటే, దానికీ లెక్కలున్నాయి. ఆఫ్రికాలో నమీబియాలో చీతా సంరక్షణ సంస్థ 1994 నుంచి రైతులకు టర్కీ జాతి అనటోలియన్ కుక్కలను ఇస్తోంది, అవి బాగానే పనిచేశాయి. పక్కనే బోట్స్వానాలో పరిశోధకులు ఆ పెద్ద కుక్కలనూ అక్కడి నాటు ట్స్వానా కుక్కలనూ పోల్చి 2020లో అచ్చు వేసిన అధ్యయనంలో నాటువే అక్కడి నేలకు ఎక్కువ ఆచరణయోగ్యమని తేల్చారు. పెద్ద కుక్కకు తిండి ఎక్కువ, ఖర్చు ఎక్కువ, అక్కడి ఎండకూ రోగాలకూ ఓర్పు తక్కువ. మన కాపరి తన గట్కలోంచో అన్నంలోంచో పెట్టి పోషించగలిగేది ఏ కుక్కనో కూడా ఆలోచించాలి కదా.

అసలు చిత్రం యూరప్‌లో జరుగుతోంది. 1992లో ఇటలీ నుంచి తోడేళ్లు ఫ్రాన్స్‌లోకి తిరిగొచ్చాయి. 2000లో జర్మనీలో తోడేలు మళ్లీ పిల్లల్ని పెట్టింది. తోలే కుక్కల పోటీల్లో తరతరాలు ఆరితేరిన దేశాల కాపరులు ఇప్పుడు తెల్లవారి లేచి చచ్చిన గొర్రెలను లెక్కపెట్టుకుంటున్నారు. తాతల కాలంలో వదిలేసుకున్న పిరనీస్ కాపలా కుక్కలను ప్రభుత్వాల సాయంతో మళ్లీ కొని తెచ్చుకుంటున్నారు. రాత్రి మందలో పడుకుని మొరిగే కుక్క కోసం వాళ్లు వెతుక్కుంటుంటే, అది తరాల తరబడి మన దగ్గరే ఉండగా మనం దాన్ని బువ్వ దండగ అంటున్నాం. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

కుక్కను కాదంటే కాపరి చేతిలో మిగిలేది ఏమిటి? తోడేలూ చిరుతా పులీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని ముట్టుకుంటే జైలు. ఉండకూడదని నేను అనను, ఉండాలి. కానీ చట్టం కట్టేసిన చేతులతో రాత్రి గడపాల్సింది కాపరి. 2024 జనవరిలో మన పొరుగున కాగజ్‌నగర్ అడవుల్లో పులులు చచ్చినప్పుడు, పశువు కళేబరానికి విషం పూసిన సంగతి బయటికొచ్చి అరెస్టుల దాకా వెళ్లింది. విషం, కరెంటు తీగ, ఉచ్చు, ఇవన్నీ కుక్క లేని చోట కాపరికి తోచే దుర్మార్గాలు. పులినీ కాపరినీ ఇద్దరినీ బతకనిచ్చే సాధనం ఈ మొరిగే జంతువు ఒక్కటే. అటవీశాఖ నష్టపరిహారం ఇస్తుంది, నిజమే. చచ్చిన జీవానికి పంచనామాలు, ఫొటోలు, దరఖాస్తులు, తిరుగుడు. అసలు చావకుండా ఆపిన జీవానికి ఏ దరఖాస్తూ ఉండదు, అందుకే ఆ లెక్క ఏ కాగితం మీదికీ ఎక్కదు.

ఇంకో అభ్యంతరం మరింత గట్టిది. దొడ్లలో పడి గొర్రెలను చంపేదే కుక్కలు కదా అంటారు. అవును. పత్రికల జిల్లా పేజీల్లో కుక్కల గుంపు దాడిలో పదో ఇరవయ్యో గొర్రెలు చచ్చాయన్న వార్త తరచుగా వస్తూనే ఉంటుంది. కాపరి కన్నీళ్లు అబద్ధం కావు. కానీ ఆ గుంపులు ఎక్కడివి? ఊరి చివర కోళ్ల వ్యర్థాల మీద, పట్నం చెత్తకుప్పల మీద పెరిగి, ఏ మందతోనూ చుట్టరికం లేనివి. పైకి చూస్తే రెండూ ఒకటే కుక్క. అదే రంగు, అదే ఎత్తు. పెరిగిన చోటు వేరు, అంతే. ఆ గుంపును దొడ్డి దగ్గరికి రానివ్వనిది మళ్లీ మంద కుక్కే. అధికారుల దృష్టికి మాత్రం ఈ తేడా అందదు. 2023 జంతు జనన నియంత్రణ నియమాల్లో పెంపుడు జంతువులు ఒక వైపు, వీధి జంతువులు ఒక వైపు. మంద కుక్క మెడకు పట్టీ లేదు, లైసెన్సు లేదు, ఇల్లు కూడా లేదు, మంద ఎక్కడుంటే అదే దాని చిరునామా. రేపు కుక్కలను పట్టే బండి చెన్నూరు రోడ్డు మీదికి వస్తే అది ఏ వరసలో నిలబడాలి?

మన తెలుగు నేల మీద తోలే కుక్కే లేదా అంటే, ఉంది. కొల్లేరు చుట్టుపక్కల కృష్ణా, పశ్చిమ గోదావరి పల్లెల్లో జోనంగి అనే కుక్క ఉండేది, అక్కడక్కడా ఇంకా ఉంది. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, మొరగడం కంటే వింతగా కూయడం ఎక్కువ. బాతుల మందలను మేపేవాళ్లు దాన్ని వాడుకునేవారు. నీళ్లలో చెదిరే బాతులను పోగు చేయాల్సిన అవసరం అక్కడుంది గనుక ఆ కుక్క ఏర్పడింది. విదేశీ పోటీల్లో కాలీలకు బాతులతో కూడా పరీక్షలు పెడతారు. జోనంగికి ఎవరూ పెట్టలేదు. 1980ల నుంచి కొల్లేరును చేపల చెరువులు ఆక్రమించుకున్నాయి, బాతుల మేపు పోయింది, పని పోయిన కుక్క చేపలెత్తుకుపోతుందని చంపారు. పోటీలు పెట్టకపోవడం వల్ల పోలేదది. దాని పని నిలబడిన నేల పోవడంతో పోయింది. మన దగ్గర కాపరికి కరువైంది కూడా కాలీ కాదు, మేత. శ్రీరాంపూర్, మందమర్రి చుట్టూ ఓపెన్‌కాస్టుల మట్టిగుట్టలు ఎన్ని బీళ్లను మింగాయో, ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఎన్ని పోయాయో కాపరులను అడిగితే గట్టుగట్టూ పేరుపెట్టి చెప్తారు.

తోలే కుక్కల్లో కూడా అన్నిటికీ ఒకే పరీక్ష సరిపోదు. నా మిత్రుడి వరండాలో కూలర్ ముందు పడుకునే జర్మన్ షెపర్డ్ సంగతే తీసుకోండి. 1899లో ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి ఆ జాతికి సంఘం పెట్టేటప్పటికి దాని తాతలు కంచెలేని చేల మధ్య వందల గొర్రెల అంచున పొద్దంతా అటూ ఇటూ నడిచి, గొర్రె పంటలోకి అడుగు పెట్టకుండా చూసేవి. పరుగు లేదు, చూపు లేదు, సజీవమైన కంచె. జర్మనీలో ఆ పనికి వేరే పోటీ ఉంది, దాని నియమాలకూ బ్రిటన్ పోటీ నియమాలకూ పొంతన కుదరదు. మన కాపరి చేతిలో పిల్లలు నిలవడం లేదు, చదువులకూ కంపెనీలకూ పోతున్నారు, చేల అంచున కర్ర పట్టే మనిషి కరువవుతున్నాడు. అలాంటి అంచు కుక్క రేపు పనికొస్తుందేమో, కాదనను. ఎవరైనా మన నాటు కుక్కతోనే ప్రయత్నించి చూస్తే సంతోషిస్తాను. అయితే దానికి బోర్డర్ కాలీతో గానీ, నూరు మార్కుల పట్టికతో గానీ సంబంధం లేదు.

ఈ చిన్నచూపు కుక్క దగ్గరే ఆగదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. ఉద్దేశం మంచిదే. 2019 పశుగణన నాటికి రాష్ట్రంలో గొర్రెలు సుమారు 1.9 కోట్లు, దేశంలోనే మొదటి స్థానం. కానీ ఆ జీవాలను ఎక్కువగా పొరుగు రాష్ట్రాల నుంచి కొనుక్కొచ్చారు, గొంగడికి ఉన్నినిచ్చే నల్ల దక్కనీ గొర్రె వెనక్కి పోయింది. 21 జీవాల యూనిట్లో కుక్క ఊసు లేదు. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దేశీ కుక్కలను పెంచుకోండని చెప్పారు. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి పేర్లు వినిపించాయి. వాటికి గుర్తింపు రావడం మంచిదే, అవి వేటకుక్కలు, నిటారుగా నిలబడి ఫొటోకు అందంగా ఉంటాయి. మందలో పడుకునే కుక్కకు జాతి పేరు లేదు, అందుకే దేశీ అభిమానం కూడా దాని దాకా రాలేదు. విదేశీ మోజు పోయి దేశీ మోజు వచ్చినా చూపు మాత్రం బొచ్చు, ముక్కు, తోక దగ్గరే ఉంది. పని దగ్గరికి రాలేదు.

ఇంతా చెప్పి మంద కుక్క సుఖంగా ఉందని నేను అనడం లేదు. దాని విషయంలో నిజంగా కోపం రావాల్సిన చోటు ఒకటుంది, అక్కడ ఎవరికీ కోపం రావడం లేదు. గొర్రె తల తిరిగి ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతూ పడిపోయే జబ్బు కాపరులకు బాగా తెలుసు. మెదడులో నీటి బుడగ పెరగడం వల్ల వస్తుంది. ఆ బుడగ కుక్క పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు పిల్ల దశ. కుక్క పెంటతో గుడ్లు గడ్డి మీద పడతాయి, గొర్రె మేస్తుంది. చచ్చిన గొర్రె తలను కోసి పారేస్తే కుక్క తింటుంది, పురుగు మళ్లీ కుక్కలోకి చేరుతుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కట్టే మరో బద్దెపురుగూ ఇదే దారిన తిరుగుతుంది, అది మనిషికి కూడా సోకుతుంది. పశుసంవర్ధక శాఖ ఊరూరా జీవాలకు ఉచితంగా నట్టల మందు తాగిస్తుంది. దొడ్డి ముందు జీవాలను వరసగా నిలబెట్టి, గొంతులో మందు పోసి, రిజిస్టర్‌లో రాసుకుని వెళ్లిపోతారు. పక్కనే కూర్చుని తోక ఊపుతున్న కుక్కకు ఎవరూ ఏమీ ఇవ్వరు. పురుగు ఇల్లు దాని కడుపులో ఉంది.

కుక్కకు ప్రాజిక్వాంటెల్ మాత్ర ఖరీదు గొర్రె ధరలో లెక్కకే రాదు. కాపరి అన్నం ముద్దలో పెట్టి వేస్తే తినేస్తుంది, పట్టుకునేవాళ్లు కూడా అక్కర్లేదు. దానితో పాటు ఏడాదికొక రేబిస్ టీకా. పుట్టిన పిల్లలకు పార్వో, డిస్టెంపర్ టీకాలు వేస్తే పిల్లలు దక్కుతాయి, లేకపోతే మందలో పెరగాల్సిన కుక్కలే మిగలవు. చచ్చిన జీవం తలను పాతిపెట్టండని, కుక్కకు వేయొద్దని ప్రతి గొర్రెల సంఘం సమావేశంలో ఒక్క నిమిషం చెప్పొచ్చు. కుక్కల ప్రదర్శనలకు స్పాన్సర్లను వెతికే మిత్రులు, కాలీల దిగుమతికి లెక్కలు వేసే మిత్రులు, వచ్చే నట్టల మందు కార్యక్రమం రోజున ఒక అట్టపెట్టె మాత్రలు కొని లక్సెట్టిపేటలోనో దండేపల్లిలోనో ఏదో ఒక దొడ్డి దగ్గరికి తేవచ్చు. జీవాల పట్టిక పక్కన కుక్కలకూ ఒక గడి గీయమని డాక్టరుగారిని అక్కడే అడుగుదాం.